వినేవాళ్ళున్న కవి: రొమాన్యోల్ భాషలో టొనీనో గ్వెర్రా



ఏ మాస్టారి పేరున మనం ఏటా ఇక్కడ కలుస్తున్నామో, ఆయన బడిలో పాఠం చెప్పినంత శ్రద్ధగానూ సంతలో మాటలు విన్నారు. కూలీలూ, నేతపనివాళ్ళూ, పశువులకాపర్లూ మాట్లాడుకునే తీరు చెవినబెట్టి నోటుపుస్తకాలకెక్కించారు. ఆయన స్మృతిలో మాట్లాడమని నిర్వాహకులు అడగగానే నాకు తట్టిన పేరు ఇటలీ కవి టొనీనో గ్వెర్రా. ప్రపంచ సినిమా ఎరిగినవాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. ఆంతోనియోని, ఫెల్లీని, తార్కోవ్‌స్కీ, ఆంగెలోపూలోస్ వంటి దర్శకుల చిత్రాలకు రచయితగా ఆయన పేరు తెర మీద చూసే ఉంటారు. అదే మనిషి తన ఊరి మాటలో, ఇటలీలోనే పక్క రాష్ట్రంవాళ్ళకు అర్థం కాని రొమాన్యోల్ భాషలో, కవిత్వం రాశాడు. ఈ సాయంత్రం ఆ కవి గురించే చెబుతాను.

ఇటలీ పటంలో తూర్పున, అడ్రియాటిక్ సముద్రం వైపు, రవెన్నా, ఫోర్లీ, చెజేనా, రిమిని పట్టణాలున్న మేరను రొమాన్యా అంటారు. ఎమీలియా-రొమాన్యా అనే రాష్ట్రంలో అది ఆగ్నేయ భాగం. శాన్ మరీనో అనే చిన్న దేశంలోనూ ఆ మాటే. తెలుగువాళ్ళం ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఉత్తరాంధ్ర యాస, తెలంగాణ యాస, రాయలసీమ యాస అన్నీ తెలుగే. రొమాన్యోల్ సంగతి అలా కాదు. ఇటాలియన్ ఎలా లాటిన్ కడుపున పుట్టిందో ఇదీ అలాగే వేరుగా పుట్టింది. ఇటలీలో జనం దాన్ని మాండలికమనే పిలుస్తారు, అక్కడ ఆ మాటకు అర్థం మన అర్థం కాదు. ఊనిక లేని అచ్చులు చాలా మటుకు రాలిపోయి హల్లులు ఒకదాని మీద ఒకటి పడే భాష అది. పదాలు పొట్టివి, గరుకువి. నాలుగు మైళ్ళు నడిస్తే అచ్చులు మారిపోతాయి. ఫ్రీడ్రిష్ షూర్ అనే ఆస్ట్రియా పండితుడు 1914లోనే ఫోనోగ్రాఫుతో వెళ్ళి ఆ గొంతులను రికార్డు చేసిపెట్టాడు.

1861లో ఇటలీ ఒక్క దేశమైనప్పుడు అందులో ఇటాలియన్ వచ్చినవాళ్ళు నూటికి రెండున్నర మందేనని భాషావేత్త తుల్లియో దె మౌరో లెక్క కట్టాడు. తర్వాతి పండితులు ఆ అంకెను పెంచినా నూటికి పదికి మించలేదు. మిగతా దేశమంతా ఇంటి మాటలోనే పుట్టి, ఇంటి మాటలోనే పోయింది. ఫాసిస్టులు అధికారంలోకి వచ్చాక, 1930లలో, బడుల్లోనూ పత్రికల్లోనూ ఈ మాటలు వినపడకూడదన్నారు. ముస్సోలినీ పుట్టిన ప్రెదాప్పియో రొమాన్యాలోనే ఉందన్న సంగతి గుర్తుంటే ఆ నిషేధం ఇంకా బాధిస్తుంది.

గ్వెర్రాకు ముందు రొమాన్యోల్‌లో సాహిత్యం లేదని కాదు. ఒలిందో గ్వెర్రీని హాస్య సానెట్లు రాశాడు, ఆయన పోయాక 1920లో అవి పుస్తకంగా వచ్చాయి. ఆల్దో స్పల్లిచ్చి అనే డాక్టరు పొలాల గురించి, పండుగల గురించి చక్కని పాటలు కట్టాడు, అదే 1920లో ‘లా పియే’ పత్రిక పెట్టాడు. ఇటాలియన్ మహాకవుల్లో ఒకడైన జొవాన్ని పాస్కొలి పుట్టింది గ్వెర్రా ఊరికి కూతవేటు దూరంలోని సాన్ మౌరోలో. పాస్కొలి మాత్రం ఇటాలియన్‌లోనే రాశాడు. అంటే ఇంటి మాటకు నవ్వించే పనీ, పాడించే పనీ అప్పగించి, గంభీరమైన పనంతా ఇటాలియన్‌కు పెట్టుకున్నారు. ఈ పని పంపకం గ్వెర్రా చేతిలో చెదిరింది. చెదరగొట్టాలని ఆయన కూర్చుని ఆలోచించిందేమీ లేదు. చెరలో పడ్డాడు, అంతే.

1920 మార్చి 16న సాంతార్కాంజెలోలో పుట్టాడు. రిమిని నుంచి పది కిలోమీటర్లు లోపలికి, మరెక్కియా నది మైదానంలోకి దిగే చోట, గుట్ట మీద ఉన్న ఊరు. గుట్ట కింద మనుషులు తొలిచిన గుహలు నూట యాభై దాకా ఉంటాయి. తండ్రి చేపలూ కూరగాయలూ అమ్మేవాడు. తల్లి పెనెలోపె చదువుకోలేదు. కొడుకు బడిపంతులయ్యాడు. 1944 ఆగస్టులో ఫాసిస్టులు పట్టుకున్నారు. జర్మనీకి తరలించి, కొలోన్ నగరానికి దగ్గర్లోని త్రోయిస్‌డోర్ఫ్ శిబిరంలో పడేశారు. అప్పటికి ఆయనకు 24 ఏళ్ళు.

ఆ శిబిరంలో రొమాన్యా నుంచి వచ్చిన ఖైదీలు ఇంకొందరు ఉన్నారు. వాళ్ళు రాత్రిపూట గ్వెర్రాను ఏదైనా చెప్పమనేవారు. ఇటాలియన్‌లో చెబితే సర్కారు మాట విన్నట్టు ఉంటుంది. ఇంటి మాటలో చెబితే ఇల్లు గుర్తొస్తుంది. అలా కవితలు కట్టడం మొదలైంది. కాగితం అందుబాటులో ఉండేది కాదు కాబట్టి తలలోనే కట్టి, తలలోనే దాచి, చీకటి పడ్డాక వినిపించేవాడు. తోటి ఖైదీ అయిన ఒక డాక్టరు వాటిని చేత్తో రాసి భద్రపరిచాడు.

గ్వెర్రా జీవితమంతా చెప్పుకున్న కథ ఒకటుంది. క్రిస్మస్ రోజు. తినడానికి ఏమీ లేదు. ఎవరో ఆయన్ని తల్యతెల్లె చేసిపెట్టమన్నారు. తల్యతెల్లె అంటే గుడ్లతో కలిపిన గోధుమపిండిని పల్చగా ఒత్తి, రిబ్బన్లలా కోసి ఉడికించే వంటకం, రొమాన్యా ఇళ్ళలో ఆదివారం, పండగరోజు తప్పనిసరి. గ్వెర్రా మాటలతో వంట మొదలుపెట్టాడు. బల్ల మీద పిండి పోశాడు. మధ్యలో గుంట చేసి గుడ్లు కొట్టాడు. పిసికాడు, కర్రతో ఒత్తాడు, చుట్టాడు, కోశాడు. నీళ్ళు మరిగించి అందులో వేశాడు. మాంసం కూర కలిపాడు. ఒక్కొక్కడి ముందూ పళ్ళెం పెట్టి వడ్డించినట్టు చేతులాడిస్తూ, పైన జున్ను తురుము చల్లుతూ అందరినీ దాటుకుంటూ వెళ్ళాడు. చివరికి ఒక ఖైదీ చెయ్యెత్తి, ఇంకొంచెం వడ్డించమని అడిగాడు.

దీన్ని ఆకలి కథగా, ఊహాశక్తి కథగా చాలామంది చెబుతారు. నాకైతే ఆ చెయ్యెత్తిన మనిషి మీదే మనసు నిలుస్తుంది. కవి ఎంత బాగా చెప్పినా, పళ్ళెం నిండిందని నమ్మడానికి ఎదుట ఒక మనిషి కావాలి. ఆ మనిషికి పిండి పిసకడానికి తన ఇంట్లో వాడే మాటే వినపడాలి. గ్వెర్రా కవిత్వం మొత్తం ఈ లెక్కన నడిచిందని నా నమ్మకం. ఎదుట వినేవాళ్ళు ఉన్న రోజుల్లో ఆయన రొమాన్యోల్ కవిత్వం పండింది. వాళ్ళు లేని రోజుల్లో ఎండింది. ఆయన పుస్తకాల తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది కనిపిస్తుంది.

విడుదలై వచ్చి ఉర్బీనో విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నాడు, ప్రాంతీయ భాషల కవిత్వం మీదే థీసిస్. 1946లో తొలి సంపుటి ‘ఈ స్కరబోచ్’, పిచ్చిగీతలు అనదగ్గ పేరుతో, ఫాయెంజాలోని ఒక చిన్న ముద్రణాలయం నుంచి వచ్చింది. పెద్ద విమర్శకుడు కార్లో బో ముందుమాట రాశాడు. అందులో హాస్యమూ లేదు, పండుగ పాటా లేదు. పేద సందులు, ముసలివాళ్ళు, మతిచెడినవాళ్ళు, పిల్లలు. పంక్తి పొట్టిది, విశేషణాలు దాదాపు కనపడవు. చెర నుంచి బయటపడినవాడు సీతాకోకచిలుకను చూసే చూపు గురించి ఆయన రాసిన చిట్టి కవిత ఇవాళ ఇటలీలో బడిపిల్లలకూ తెలుసు. ఆకలి తీరడమంటే ఏమిటో ఒక్క మాట విడమరచకుండా అందులో పెట్టాడు.

యుద్ధం ముగిసిన ఆ ఏళ్ళలో సాంతార్కాంజెలో కూడలిలో కఫే త్రియెస్తె అనే కాఫీ హోటలు ఉండేది. రఫయెల్లో బల్దీని అనే కుర్రాడి కుటుంబానిది. సాయంత్రాలు గ్వెర్రా, బల్దీని, నీనో పెద్రెత్తి, జాన్ని ఫుచ్చి, సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు, ఫెదెరీకో మొరోని వంటి చిత్రకారులు అక్కడ చేరేవారు. రాసింది చదవడం, తిట్టుకోవడం, మళ్ళీ రాయడం. ఊరివాళ్ళు వేళాకోళంగా ఆ గుంపుకు వివేకుల సంఘం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. కొన్ని వేల గడపలున్న చిన్న ఊరి నుంచి ఒకే తరంలో ఇటలీ సాహిత్య చరిత్రకెక్కిన కవులు ముగ్గురు నలుగురు రావడం ఊరి నీటి మహిమేమీ కాదు. ఒకడు చదువుతుంటే మిగతావాళ్ళకు ప్రతి అచ్చూ తెలుసు, తప్పు అచ్చు పడితే బల్ల మీద కొట్టి చెప్పేవాళ్ళు ఉన్నారు. 1950లో, 1954లో గ్వెర్రా మరో రెండు సంపుటాలు తెచ్చాడు.

1953లో ఆయన రోముకు వెళ్ళిపోయాడు. పొట్టకూటికే వెళ్ళాడు, సినిమాల్లోకి. ఆ తర్వాత పదిహేను పదహారేళ్ళ పాటు రొమాన్యోల్ కవిత్వం దాదాపు ఆగిపోయింది. నవలలూ కథలూ ఇటాలియన్‌లో రాశాడు. సినిమాల జాబితా చదివితే మాత్రం తల తిరుగుతుంది. ఆంతోనియోనితో ‘ల అవ్వెంతూరా’, ‘లా నొత్తె’, ‘బ్లోఅప్’. రోజీతో, తవియాని సోదరులతో, ఆంగెలోపూలోస్‌తో ఇంకా ఎన్నో. మొత్తం వందకు పైనే. ఆ చిత్రాల గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు మన ఫిల్మ్ సొసైటీల్లో ఉన్నారు, నేను రెండింటి దగ్గరే ఆగుతాను.

ఒకటి ఫెల్లీని ‘అమర్‌కోర్డ్’, 1973. ఫెల్లీనిది రిమిని. ఆయన పుట్టింది 1920 జనవరిలో, గ్వెర్రా కంటే రెండు నెలలు ముందు. ఇద్దరూ కలిసి రాసిన ఆ చిత్రానికి పేరే రొమాన్యోల్ మాట. విదేశీ చిత్రాల విభాగంలో ఆస్కారు అందుకుంది. పది కిలోమీటర్ల దూరంలో, ఒకే మాట వింటూ పెరిగిన ఇద్దరు రోములో కూర్చుని తమ చిన్ననాటి ఊరిని మళ్ళీ కట్టుకున్నారు. రోములో గ్వెర్రాకు ఆ మాట వినగలిగిన మనిషి ఫెల్లీని.

రెండోది ఆంతోనియోని ‘ఇల్ దెజెర్తో రొస్సో’, 1964. రవెన్నాలో కొత్తగా లేచిన కర్మాగారాల పొగ మధ్య తీసిన చిత్రం. దీన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. సరిగ్గా అదే సంవత్సరం ఇటలీ ప్రభుత్వం పాత పాలు సేద్యం ఒప్పందాలను ఇక కొత్తగా రాయకూడదని చట్టం చేసింది. రొమాన్యాలో శతాబ్దాలుగా రైతు కుటుంబం భూస్వామి పొలంలోనే కాపురం ఉండి, పంటలో సగం అతనికిచ్చి, సగం తాను తినేది. ఆ కట్టుబాటు అన్యాయమైనదే, అది పోవాల్సిందే. పోయినప్పుడు దాంతో పాటు పొలంలోని ఇల్లూ ఖాళీ అయింది. కొడుకులు రవెన్నా ఫ్యాక్టరీలకు, కూతుళ్ళు రిమిని బీచి హోటళ్ళకు పనికి వెళ్ళారు. అక్కడ ఇటాలియన్ కావాలి. ఎడ్ల కొట్టంలోకి ట్రాక్టరు వచ్చింది.

1972లో వచ్చిన ‘ఈ బు’, అంటే ఎడ్లు, ఈ మార్పంతా మోసుకొచ్చిన పుస్తకం. పాత సంపుటాలతో పాటు కొత్త కవితలూ చేర్చి, ఎదురు పేజీలో ఇటాలియన్ అనువాదం పెట్టి, పెద్ద ప్రచురణకర్త వేశాడు. ఇటలీ పండితుల్లో అగ్రగణ్యుడు జాన్‌ఫ్రాంకో కొంతీని పీఠిక రాశాడు. పుస్తకానికి పేరిచ్చిన కవిత ఎనిమిది పదుల మాటలు కూడా ఉండదేమో. ఎడ్లతో నేరుగా మాట్లాడడు, వాటికి చెప్పిరమ్మని ఇంకెవరికో అప్పగిస్తాడు. మీ పని అయిపోయింది, ఇక వెళ్ళండని చెప్పాల్సి వచ్చిన మనిషి గొంతు అది. తర్వాత అవి నడిచే దారి కబేళాకు. కాడి కింద వేల ఏళ్ళ చాకిరీ చేసిన జీవాలకు మనిషి ఇచ్చే సెలవు అంత క్లుప్తంగా ఉంటుంది కాబట్టే గుండెను పట్టుకుంటుంది. కాడెడ్లను అమ్మి వచ్చిన రోజున ఇంట్లో ఎవరూ అన్నం ముట్టని సంగతి ఎరిగిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. వాళ్ళకు నేనేమీ వివరించనక్కర్లేదు.

కవిత్వం నిజంగా తిరిగి ఉరకలెత్తింది 1981లో, ‘ఇల్ మియెలె’తో. తేనె అని పేరు. 36 చిన్న సర్గల కావ్యం. డెబ్భై ఏళ్ళు పైబడిన ఒకడు పట్నం వదిలి, దాదాపు ఖాళీ అయిపోయిన కొండపల్లెలోని తల్లిదండ్రుల ఇంటికి, అక్కడే మిగిలిపోయిన అన్న దగ్గరికి వస్తాడు. ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఒక్కో సర్గలో ఒక్క చిన్న సంగతి: వాన, కూలిన గోడ, ఇద్దరు ముసలివాళ్ళు చెప్పుకునే నాలుగు ముక్కలు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఎక్కువ మాట్లాడుకోకుండా బతకడాన్ని అంత బాగా పట్టుకున్న పుస్తకం నేను ఇంకొకటి చదవలేదు. గ్వెర్రా రచనల్లో అగ్రస్థానం దీనికే ఇస్తాను.

ఇది రాసిన నాటికి ఆయన రష్యన్ మహిళ లోరాను పెళ్ళి చేసుకున్నాడు, మాస్కోకు వచ్చిపోతున్నాడు, తార్కోవ్‌స్కీతో ఇటలీ అంతా తిరిగి ‘నొస్తాల్గియా’ రాస్తున్నాడు. ఆ తిరుగుడును చూపే ‘తెంపో ది వియాజ్జో’ అనే డాక్యుమెంటరీ ఉంది, వీలైతే చూడండి. అందులో గ్వెర్రా తార్కోవ్‌స్కీకి కవిత వినిపిస్తాడు. రష్యావాడికి రొమాన్యోల్ రాదు. అయినా ఆ ముఖం చూస్తే వినడమంటే ఏమిటో తెలుస్తుంది.

1980లలో రోము వదిలి స్వగ్రామం చేరాడు. 1989లో మరెక్కియా నది వెంట ఇంకా పైకి, కొండల్లోని పెన్నబిల్లికి మారాడు. వదిలేసిన ఒక పాత మఠం పెరడును ఊరివాళ్ళతో కలిసి పండ్లతోటగా మార్చాడు. మార్కెట్టుకు పనికిరాక పొలాల నుంచి మాయమైన అపెనైన్ కొండల పండ్లచెట్లు అందులో ఉన్నాయి, పాతరకం ఆపిళ్ళు, బేరిపళ్ళు, మన గంగరేగు కూడా. మరచిపోయిన పండ్ల తోట అని దానికి పేరు. 1994లో దలై లామా అక్కడికి వచ్చాడు. పెన్నబిల్లిలో పుట్టిన కపుచిన్ సన్యాసి ఒరాజియో దెల్లా పెన్నా 18వ శతాబ్దంలో లాసాలో ఏళ్ళ తరబడి ఉండి టిబెటన్ నిఘంటువు కూర్చడమే ఆ రాకకు కారణం. ఆ కూర్పు ఆధారంగానే 1826లో బెంగాల్‌లోని సీరాంపూర్‌లో నిఘంటువు అచ్చయింది. విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం వేసిన సీరాంపూరే అది. గ్వెర్రా ఊరికీ మనకూ మధ్య ఇలాంటి సన్నని దారం ఒకటి ఉండటం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది, అందుకే ఈ పక్కదారి.

పెన్నబిల్లి రోజుల గ్వెర్రా గురించి నా అభిప్రాయం దాచుకోను. ఆ ఏళ్ళలో ఆయన దేశానికి తాతగారయ్యాడు. టీవీ ప్రకటనలో కనిపించాడు, ఊళ్ళలో ఫౌంటెన్లకు రూపాలిచ్చాడు, ప్రతివాళ్ళూ ఆయన నోట మంచిమాట వినాలని వచ్చారు. రాతలో కొంత తీపి పేరుకుంది. 1946 నాటి కవితల్లో ఉన్న ఎముక అక్కడ ప్రతిచోటా కనపడదు. వదిలేసిన చర్చీల గురించీ, తోటల గురించీ రాసిన పుస్తకాల్లో మెరుపులున్నాయి, కానీ వినేవాళ్ళు మరీ ఎక్కువై, బల్ల మీద కొట్టి తప్పు చెప్పేవాడు కరువయ్యాడేమోనని అనిపిస్తుంది.

తీపి అంటని కవిని చూడాలంటే ఆ కఫే కుర్రాడి దగ్గరికే రావాలి. బల్దీని మిలాన్‌లో జర్నలిస్టుగా పనిచేశాడు. తొలి కవితాసంపుటి 1976లో, 52వ ఏట, సొంత ఖర్చుతో. దానికి ఏడాది ముందే పెద్రెత్తి గొంతుకలు అనే అర్థమున్న పేరుతో తన సంపుటి తెచ్చాడు. కఫేలో వేసిన విత్తనం పాతికేళ్ళకు మొలిచింది. బల్దీని కవితలన్నీ ఊళ్ళో ఎవరో ఒకరు ఆపకుండా మాట్లాడే మాటలు. తాళం వేశానా లేదా అని తేల్చుకోలేనివాడు, ఇంట్లోనే దారి తప్పినట్టయ్యేవాడు, పాత కక్షను పదే పదే తవ్వేవాడు. చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే భయమేస్తుంది. కొన్ని సంగతులు రొమాన్యోల్‌లోనే జరుగుతాయి కాబట్టి ఆ మాటలోనే రాస్తానని ఆయన చెప్పేవాడు. ఎయినౌడి, మొందదోరి వంటి పెద్ద సంస్థలు ఆయన పుస్తకాలు వేశాయి. 1988లో వియారెజ్జో బహుమతి వచ్చింది. ఇటలీ ముఖ్యకవుల వరుసలో ఆయన్ని నిలబెట్టినవాడు విమర్శకుడు మెంగాల్దో. 2005లో మిలాన్‌లో పోయాడు. గ్వెర్రా 2012 మార్చి 21న, ప్రపంచ కవితా దినోత్సవం రోజున, పుట్టిన ఊళ్ళోనే కన్నుమూశాడు.

భాష సంగతి చూస్తే, యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న భాషల పట్టికలో పెట్టింది. 1999లో ఇటలీ 12 అల్పసంఖ్యాక భాషలకు చట్టరక్షణ ఇచ్చినప్పుడు రొమాన్యోల్‌కు చోటు దొరకలేదు. ఎమీలియా-రొమాన్యా రాష్ట్రం 2014లో తన వంతుగా ఒక చట్టం చేసింది. నాకు ఎక్కువ ధైర్యమిచ్చేది నాటకరంగం. ఇవానో మరెస్కొత్తి అనే నటుడు 2023లో పోయేదాకా బల్దీనిని వేదికల మీద చదివి, ఆడి, హాళ్ళు నింపాడు. రవెన్నాలో ఎర్మాన్నా మొంతనారి నెవియో స్పదోని రాసిన రొమాన్యోల్ ఏకపాత్రలను ఆ మాట రాని ప్రేక్షకుల ఎదుట ఆడింది. జనం కూర్చుని విన్నారు.

ఇక్కడున్న కుర్రవాళ్ళను ఒకటి కోరి ముగిస్తాను. గ్వెర్రా పుస్తకాల్లో ఎదురు పేజీన ఇటాలియన్ ఉంటుంది, ఇంగ్లీషు అనువాదాలూ దొరుకుతాయి. ‘ఇల్ మియెలె’ 36 సర్గలనూ తెలుగులోకి తెండి. పత్రికల తెలుగులోకి మాత్రం తేవద్దు. శ్రీకాకుళం మనిషైతే శ్రీకాకుళం మాటలో, పాలమూరు మనిషైతే పాలమూరు మాటలో, ఎవరింటి మాటలో వాళ్ళు చేయండి. ఒక్కో సర్గ అయ్యాక అచ్చుకు పంపేముందు ఇంట్లో ముసలివాళ్ళ ముందు కూర్చుని పైకి చదవండి. వాళ్ళు ఎక్కడ అడ్డం వచ్చి, మనం అలా అనం కదరా అంటారో అక్కడ దిద్దండి. ఎడ్ల కవిత మటుకు కాడి పట్టినవాళ్ళకే చదివి వినిపించండి. వచ్చే ఏడు ఇదే వేదిక మీద ఆ సర్గల్లో కొన్ని చదవడానికి ఒక గంట కేటాయించమని నిర్వాహకులను ఇప్పుడే అడుగుతున్నాను.